లీవ్ మెయిల్‌లో ఏది మేలు: సిక్, ఇల్, అన్‌వెల్?

ఒంట్లో బాగోలేదని ఆఫీసుకు మెయిల్ పెట్టేటప్పుడు చదివేది ఎవరో ముందు చూసుకోవాలి. అమెరికా మేనేజరైతే "ఐ యామ్ సిక్" చాలు, అక్కడ జలుబు నుంచి జ్వరం దాకా అన్నిటికీ అదే మాట. బ్రిటన్‌లో అలా కుదరదు. "ఐ వజ్ సిక్ లాస్ట్ నైట్" అంటే రాత్రి వాంతులయ్యాయనే అనుకుంటారు. "ఐ ఫీల్ సిక్" అన్నా కడుపులో తిప్పుతోందనే. జ్వరమో ఒళ్లునొప్పులో అయితే అక్కడ ఇల్ వాడాలి. అదే ఇల్ అమెరికాలో కాస్త పెద్ద జబ్బులా వినిపిస్తుంది. పేచీ అంతా ఇక్కడే.

సిక్ పాత ఇంగ్లీషు నుంచే ఉన్న మాట. ఇల్ మాత్రం స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. మొదట దాని అర్థం "చెడ్డ", జబ్బు అన్న అర్థం తర్వాతెప్పుడో చేరింది. నామవాచకం ముందు పెడితే ఆ పాత అర్థం ఇప్పటికీ బయటపడుతుంది: ఇల్ విల్, ఇల్ ఎఫెక్ట్స్. అందుకే "ది చైల్డ్ ఈజ్ ఇల్" సరే గానీ "యాన్ ఇల్ చైల్డ్" ఎబ్బెట్టుగా ఉంటుంది, "ఎ సిక్ చైల్డ్" అనాలి. ముందు ఇంకో మాట తోడుంటే ఇల్‌కీ ఆ చోటు దొరుకుతుంది: "ఎ టెర్మినల్లీ ఇల్ పేషెంట్". జబ్బు ముదిరిందనడానికి సిక్కర్ ఉంది, ఇల్లర్ లేదు, వర్స్ అనాలి.

జంట పదాల్లో సిక్‌దే రాజ్యం. సిక్ లీవ్, సిక్ పే బ్రిటన్‌లోనూ అంతే, వాంతులతో పనిలేదు. ఇల్ లీవ్ అని ఎవరూ అనరు. కుర్రకారు "దట్స్ సిక్" అంటే మాత్రం కంగారుపడకండి, అదిరిందని మెచ్చుకోవడం.

బడి రోజుల నాటి "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ ఒకరోజు జ్వరానికి మరీ బరువు. అమెరికాలో "ఐ హ్యావ్ ఎ ఫీవర్", బ్రిటన్‌లో "ఐ హ్యావ్ ఎ టెంపరేచర్" అంటారు.

రెండు దేశాల వాళ్లూ ఉన్న టీమ్‌కైతే నా ఓటు అన్‌వెల్‌కే. కాస్త మర్యాదగా, పొడిపొడిగా ఉంటుంది, జబ్బేమిటో విప్పి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం అది చాలదు, విషయం తేలికైనదనుకుంటారు. అప్పుడు జబ్బు పేరో, ఆసుపత్రిలో ఉన్న సంగతో సూటిగా రాయండి. మామూలు రోజున "ఐ యామ్ అన్‌వెల్ అండ్ వోంట్ బీ వర్కింగ్ టుడే" అని రాసి, కింద మీ పని ఎవరు చూస్తారో ఒక్క ముక్క చేర్చండి.