జాగ్రత్త: పూసల కీచైన్ కిట్టు ఆన్‌లైన్‌ల తెప్పించే ముందు బరువు చూడుండ్రి

అక్కలకు, చెల్లెళ్లకు నమస్తే. ఎండకాలం సెలవులల్ల పిల్లలతోని ఏమన్న చేయిద్దామని పూసల కీచైన్ కిట్లు చూస్తున్నోళ్లు ఉంటే కొంచెం ఆగి ఇది చదువుండ్రి. నేను ఒక్కటి కాదు, ఆరు కిట్లు తెప్పించిన. ఒక్కోటి 299 రూపాయలు, మొత్తం 1,794. ఆరు కిట్లు ముందట పెట్టుకొని కూర్చున్నా ఒక్క పూసల బల్లి బొమ్మ కూడా పూర్తి కాలేదు.

మాది నల్లగొండ. మా బిడ్డ ఏడో తరగతి. దోస్తు బ్యాగుకు వేలాడే పూసల బల్లిని చూసినప్పటి సంది "అమ్మా, నేను కూడా అల్లుత" అని ఒకటే పాట. గల్లీల ఇంకో ఐదుగురు పిల్లలు జతైండ్రు. మధ్యాహ్నం పూట ఫోన్లు పక్కన పెట్టి నీడకు కూర్చుంటరు కదా అని నాకే ఎక్కువ సంబరమైంది. యాప్‌ల ఫొటో చూస్తే బల్లి, తాబేలు, ఏనుగు, చేప అన్నీ మెరుస్తున్నయ్. "వెయ్యి పూసలు, దారం, రింగులు, బొమ్మల కాగితం అన్నీ లోపలనే" అని రాసి ఉన్నది. రేటింగు కూడా నాలుగు దాటింది. ఇంకేం చూడలే, ఆర్డర్ పెట్టిన.

ఈ పని ఎట్ల చేస్తరో తెలిస్తేనే కిట్టుల ఏం తప్పున్నదో అర్థమైతది, అందుకే చెప్తున్న. కీచైన్లకు వాడేది లావు ప్లాస్టిక్ పూస, దాని పేరు 'పోనీ పూస'. అడ్డం 9 మిల్లీమీటర్లు, ఎత్తు 6 మిల్లీమీటర్లు, నడుమ రంధ్రం 4 మిల్లీమీటర్ల దాకా ఉంటది. దారాన్ని నడిమికి మడిచి రింగుల దూర్చి, ఆ ఉచ్చుల నుంచి రెండు కొసలు తీసి గుంజితే ముడి పడుతది. ఆడి నుంచి ఒక్కో వరుస. ఒక కొసకు పూసలు ఎక్కించి, రెండో కొసను అవే పూసలల్ల ఎదురు దిక్కు నుంచి దూర్చి, రెండూ బిగ్గ గుంజాలె. అంటే ప్రతి పూసల నుంచి దారం రెండుసార్లు పోవాలె. కాళ్లకైతే ఐదు పూసలు ఎక్కించి, చివరి మూడు వేళ్ల పూసలను వదిలిపెట్టి, మిగిలిన రెండిట్ల నుంచి దారాన్ని వెనుకకు తేవాలె. మేం కాగితం మీద గీసుకున్న బల్లికి 55 పూసలు లెక్క తేలింది. దానికి దారం బారెడు ఉంటేనే చేతికి ఆడుతది.

కిట్టుల వచ్చిన దారం మూరన్నర కూడా లేదు.

మొదటి రోజు మా బిడ్డ మూతి వరుస రెండు పూసలు, కండ్ల వరుస మూడు పూసలు వేసింది. మూడో వరుసల రెండో కొస పోతలేదు. నేను వచ్చి పూసను కిటికీ వెలుతురుకు పట్టి చూసిన. రంధ్రంల ప్లాస్టిక్ పొర సగం అడ్డం పడి ఉన్నది. దబ్బనంతోని పొడిస్తే పూస పగిలి రెండు చెక్కలైంది. ఇంకోటి తీసిన, గట్లనే ఉన్నది. ఒక్క కిట్టును పళ్లెంల పోసి ఓపికతోని వేరు చేసిన. లావు పూసలు 164 ఉన్నయ్, అండ్ల 41 మూసుకుపోయినయ్. మిగిలినయన్నీ ఆవగింజలంత సన్నపూసలు. అవి ఈ పనికి అస్సలు పనికిరావు, దారం ఒక్కసారి పోవుడే కష్టం. వెయ్యి లెక్క వాటితోని నింపిండ్రు. పేరుకు అబద్ధం చెప్పలే, పూసలు వెయ్యి అన్నరు, ఏ పూసలో చెప్పలే. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది ఈ కాడనే.

ఇది కొనకముందే పట్టుకునే ఉపాయం ఉన్నది. నేను ఆలస్యంగ తెలుసుకున్న, మీరు ఇప్పుడే తెలుసుకోండ్రి. తర్వాత మంచి పోనీ పూసలు కొన్నప్పుడు వంద లెక్కపెట్టి కిరాణం షాపుల కాంటా మీద పెట్టిచ్చిన. పాతిక గ్రాములు తూగినయ్. అంటే వెయ్యి పూసలంటే పావుకిలో దగ్గర ఉండాలె. ఇంటికి వచ్చి నేను కొన్న కిట్టు పేజీని మళ్లీ తెరిచి కిందికి పోయి చూస్తే, వివరాలల్ల సన్న అక్షరాలల్ల "బరువు 90 గ్రాములు" అని వాళ్లే రాసుకున్నరు. దారం, రింగులు, కాగితం అన్ని కలిపి 90. మోసం అక్కడనే రాసి పెట్టి ఉన్నది, మనమే చదవం.

కొన్నోళ్లు పెట్టిన ఫొటోలు కూడా మళ్లీ చూసిన. అన్నీ ప్యాకెట్ ఫొటోలే. అల్లినంక బొమ్మ ఎట్లున్నదో చూపిచ్చిన ఫొటో ఒక్కటి లేదు. ప్యాకెట్ రాంగనే సంబరంగ చుక్కలు ఇచ్చేస్తున్నరు. దయచేసి అల్లి చూసినంకనే రేటింగు ఇయ్యుండ్రి, వెనక కొనేటోళ్లకు అదే ఆసరా.

రంగు సంగతి ఇంకా ఘోరం. మా పక్కింట్ల దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంటది. పిల్లలందరు యాడీ అనే పిలుస్తరు, లంబాడీల అమ్మ అని. చిన్నప్పటి నుంచి అద్దాలు, పూసలు కుట్టిన చెయ్యి ఆమెది. పిల్లల వేళ్లు ఆకుపచ్చగ అయినయని చూసి, ఒక పూసను అరచేతిల పెట్టుకొని, చీర కొంగు నీళ్లల్ల తడిపి నాలుగుసార్లు రుద్దింది. కొంగుకు పచ్చ మరక, పూస మీద తెల్ల మచ్చ. "ఇది పూస రంగు కాదు బిడ్డా, పైన పూసిన రంగు" అన్నది. మంచి పూసకు రంగు ప్లాస్టిక్‌లనే కలిసి ఉంటది, పగలగొట్టినా లోపల అదే రంగు. మేం పగలగొట్టిన పూస లోపల తెల్లగ ఉన్నది. చెమట చేతులతోని పట్టుకునేది పిల్లలు, ఒకళ్లిద్దరు దారం కొసను నోట్ల పెట్టి తడి చేస్తరు కూడా. ఆ పూటనే అన్ని కిట్లు గుంజుకొని పైన పెట్టిన. మూడేండ్ల లోపు పిల్లలున్న ఇంట్ల ఏ పూసలైనా కింద వదలొద్దు, గొంతుల ఇరుక్కుంటయ్.

ప్యాకెట్ మీద తయారుచేసినోళ్ల పేరు లేదు, అడ్రసు లేదు, తయారైన నెల లేదు, ఎమ్మార్పీ లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండాలని 2011 నుంచే తూనికలు కొలతల నిబంధనలు చెప్తున్నయ్. పైగా దీన్ని యాప్‌ల పిల్లల బొమ్మల కిందనే అమ్ముతున్నరు. పద్నాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు ఉండాలని 2021 జనవరి 1 నుంచి రూలు. ఆ మార్కు కూడా లేదు.

ఇగ వాపసు కథ. సెలవుల దాకా ఉండనీ అని నేను ప్యాకెట్లు బీరువల పెట్టిన. తెరిచేసరికి తొమ్మిదో రోజు. వాపసు గడువు ఏడు రోజులే. అమ్మినాయనకు చాట్‌ల ఫొటోలు పంపితే "సీలు తెరిచిన సరుకు, పూసలు మీరే తీసి ఉండొచ్చు" అని జవాబిచ్చిండు. ప్యాకెట్ తెరిచేటప్పటి వీడియో నా దగ్గర లేదు. ఆ ఒక్క వీడియో ఉంటే ఆయన నోరు ఎత్తకపోతుండె.

ఊకోబుద్ధి కాలే. 1915కు ఫోన్ చేసిన. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. ఆర్డర్ నంబరు, బిల్లు, ఫొటోలు తీసుకొని ఫిర్యాదు నంబరు ఇచ్చిండ్రు. యాప్‌లనే ఫిర్యాదుల అధికారికి కూడా రాసిన. 2020 ఈ-కామర్స్ రూల్స్ లెక్కన ఆయన 48 గంటలల్ల ఫిర్యాదు అందిందని చెప్పాలె, ఒక నెల లోపల తేల్చాలె. అందిందని రెండో రోజే మెసేజ్ వచ్చింది, డబ్బులు ఇంకా రాలే. రాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. 2019 వినియోగదారుల చట్టం వచ్చినంక మనం ఉండే జిల్లాలనే కేసు వెయ్యొచ్చు, అమ్మినోళ్ల ఊరికి తిరిగే పని లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. 1,794 రూపాయలకు ఇంత తిరుగుడా అని మా ఇంట్ల అన్నరు. ఆరుగురు పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి లేచిపోయిండ్రు, నాకు అది కూడా లెక్కనే.

తర్వాత మా నల్లగొండ ప్రకాశం బజారుల ఒక ఫ్యాన్సీ షాపుకు పోయిన. పూసలు తూకం మీద ఇచ్చిండు. గుప్పెడు తీసుకొని ముందు వెలుతురుకు పట్టి చూసిన, తడి గుడ్డతోని రుద్దిన, షాపాయన ఏమనలే. దారం కట్ట విడిగ, రింగులు విడిగ కొన్న. రింగు గోరుతోని తెరిస్తే మళ్లీ బిగ్గ మూసుకోవాలె, కిట్టుల వచ్చినయి తెరిస్తే తెరిచినట్టే ఉండిపోయినయ్. ఆరుగురికి సరిపడ అన్నీ కలిపి 430 రూపాయలైంది.

మొన్న ఆదివారం మా బిడ్డ బల్లి తోక చివరి పూస వేసి ముడేసింది. కాళ్లు నాలుగూ ఒక్క తీరు రాలే, ఎడమ ముందు కాలుకు వేలు ఒకటి తక్కువైంది. విప్పి మళ్లీ వెయ్యి అంటే వద్దన్నది. బ్యాగుకు వేసుకున్నది.

మీల ఎవరి దగ్గరన్న ఇసువంటి పేరు లేని ప్యాకెట్ తెరవకుండ ఉంటే, ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకుంటనే తెరువుండ్రి. గడువు ఎన్ని రోజులున్నదో ఇయ్యాలనే చూసుకోండ్రి.