డెవ్‌మెమ్‌తో ఆరేళ్లు: చదవడానికి బంగారం, రాసేటప్పుడు జాగ్రత్త

మొదట్లో డెవ్‌మెమ్2, ఇప్పుడు బిజీబాక్స్‌లో (చిన్న బోర్డుల కోసం బోలెడు కమాండ్లు ఒకే ప్రోగ్రాంలో కట్టిన మూట) వచ్చే డెవ్‌మెమ్ అనే లినక్స్ కమాండ్, బెంగళూరులో ఉద్యోగంలో చేరినప్పట్నుంచి నాకు ఇది లేకపోతే పొద్దుపోదు. చేసేది ఒక్కటే పని, ఫిజికల్ అడ్రస్ (మెమరీలో గానీ, హార్డ్‌వేర్‌ని నడిపే రిజిస్టర్లనే గడుల్లో గానీ అసలు చోటు) ఇస్తే అక్కడున్నది చూపిస్తుంది, పక్కన విలువ కూడా ఇస్తే రాసేస్తుంది, అంతే. డ్రైవర్ రాయక్కర్లేదు, కెర్నల్ మళ్లీ బిల్డ్ చెయ్యక్కర్లేదు.

ఎస్పీ రోడ్డులో కొన్న బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న లినక్స్ బోర్డు మీద నేర్చుకున్నా. జీపీఐఓ1 (చిప్ పిన్నుల్ని ఆన్, ఆఫ్ చేసే భాగం) బేస్ అడ్రస్ 4804సి000 (అడ్రస్‌లు, రాసే విలువలు అన్నీ హెక్స్‌లోనే), దానికి 194 కలిపిన చోట 200000 రాస్తే 21వ బిట్ సెట్ అయ్యి బోర్డు మీద మొదటి ఎల్ఈడీ వెలుగుతుంది, 190 దగ్గర అదే రాస్తే ఆరిపోతుంది (కెర్నల్ ఆ ఎల్ఈడీని మిణుకుమనిపించే హార్ట్‌బీట్ ట్రిగర్ ముందు ఆపుకోండి, లేకపోతే అది దాని ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటూనే ఉంటుంది). అర్ధరాత్రి మారతహళ్లి పీజీలో రూమ్మేట్‌ని లేపి మరీ చూపించా, "దీనికా లేపావ్ రా" అని అటు తిరిగి పడుకున్నాడు.

నన్ను ఏడిపించింది మాత్రం పిన్‌మక్స్, అంటే ఏ పిన్ను ఏ పని చెయ్యాలో ఎంచుకునే సెట్టింగ్. అదే చిప్‌లో ఆ సెట్టింగులుండే కంట్రోల్ మాడ్యూల్ రిజిస్టర్లకి ప్రివిలేజ్డ్ మోడ్‌లోంచి (కెర్నల్ నడిచే మోడ్) రాస్తేనే ఎక్కుతుంది, డెవ్‌మెమ్ రూట్‌గా నడిపినా సీపీయూకి అది యూజర్ మోడే కదా, ఎర్రర్ రాదు, విలువా మారదు. తిరిగి చదివితే పాతదే. రెండ్రోజులు సోల్డరింగ్‌ని అనుమానించా, చివరికి డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే ఫైల్) మార్చాక కుదిరింది.

కమాండ్ బస్ ఎర్రర్ అని చచ్చిపోతే కంగారు పడకండి, చాలాసార్లు ఆ మాడ్యూల్‌కి క్లాక్ ఆఫ్‌లో ఉండటమే కారణం. 64 బిట్ బోర్డుల్లో పాత డెవ్‌మెమ్2తో ఇంకో తంటా, వర్డ్ అంటే 4 బైట్లు అనుకుంటాం, అది 8 బైట్లు లాగుతుంది, అందుకే బిజీబాక్స్ దానికి మారి 32 (బిట్లు) అని స్పష్టంగా ఇస్తున్నా.

చదవడమేగా అని ధైర్యం కూడా వద్దు, యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) రిసీవ్ రిజిస్టర్ చదివారంటే ఫిఫోలోంచి (వచ్చిన క్యారెక్టర్లు వరుసలో ఆగే చోటు) ఒక క్యారెక్టర్ మీరు మింగేసినట్టే.

టీంలో కొత్తగా వచ్చినవాళ్లని రాసేముందు అడ్రస్ నాకు చూపించమంటా. పోయినేడు మా తమ్ముడు లాంటి కుర్రాడొకడు అంకె తప్పు కొట్టి డీడీఆర్ (ర్యామ్) కంట్రోలర్‌లో ఏదో రాసేశాడు, కస్టమర్ డెమోకి పది నిమిషాల ముందు, బోర్డు బిగుసుకుపోయింది, వాడు నా వైపు చూస్తున్నాడు, నేను పవర్ కేబుల్ వెతుక్కుంటున్నా.