ట్యాక్స్ వాయిదాల షెడ్యూల్: బాగానే ఉంది కానీ...

మా బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో ట్యాక్స్ వాయిదాలన్నీ ఏడాది మొదట్లోనే ఒక్కసారి కూర్చుని తేదీలవారీగా షెడ్యూల్ చేసేశాను, గడువు గుర్తుపెట్టుకునే టెన్షన్ తప్పింది. అంతవరకు హాయే. చిక్కల్లా సేవింగ్స్ నుంచి పన్ను కట్టే ఖాతాలోకి డబ్బు మార్చే ట్రాన్స్‌ఫర్‌ని కూడా అదే రోజుకి పెట్టడంతో వచ్చింది: ముందు పన్ను చెల్లింపు నడిచింది, ఖాతాలో డబ్బు లేదు, ఫెయిల్ అయింది, ఒక్క మెసేజ్ కూడా రాలేదు, నేను చూసుకునేసరికి గడువు దాటి వడ్డీ పడింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ రెండు పనిదినాల ముందే పెడుతున్నా (సెలవులు కూడా చూసుకోవాలి మరి). పన్ను సంవత్సరం ఎంచుకునే గడి ఎక్కడో మూలన ఉంటుంది, తప్పు ఏడాది పడిందా, సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి. రసీదు మాత్రం వెంటనే పీడీఎఫ్‌లో వస్తుంది. ఫెయిలైతే మెసేజ్ పంపేదాకా మూడు స్టార్లే.