పర్లాకిమిడి కవిరాజు గారి వైద్యశాల: సలహాకు వెళ్ళవచ్చు, సీసాలకు వద్దు

పర్లాకిమిడి బజారు వెనుక వీధిలో, ఒడియా అక్షరాల కింద తెలుగులో కూడా బోర్డు రాయించుకున్న ఒక ఆయుర్వేద వైద్యశాలకు ఈ వైశాఖం నుంచి శ్రావణం వరకు మూడుసార్లు వెళ్ళాను. ఒడియా వాడుకను బట్టి ఇక్కడి తెలుగువాళ్ళం కూడా వైద్యుణ్ణి కవిరాజు గారనే అంటాం. ఈ కవిరాజు గారికి అరవై దాటి ఉంటాయి. యాసలో ఒడియా వినిపించినా తెలుగు తడుముకోకుండా మాట్లాడతారు. చూపించుకున్నందుకు 200 రూపాయలు తీసుకుంటారు.

నేను ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను, వయసు నలభై నాలుగు. ఏడాదిగా మధ్యాహ్నానికే ఒళ్ళు వాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం, దాంపత్యంలో ఆసక్తి సన్నగిల్లడం గమనించి, వీటికన్నిటికీ కారణం వీర్యనష్టమేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఇన్ని బొట్ల రక్తం కరిగితే ఒక బొట్టు వీర్యమని బస్టాండు గోడల మీది గుప్తరోగాల ప్రకటనలు చిన్నప్పటి నుంచి చదివినవాణ్ణి కనుక అంతకన్నా వేరే ఆలోచన రాలేదు. భయం చెప్పుకున్నాక కవిరాజు గారు నవ్వలేదు, భయపెట్టనూ లేదు. "బాబూ, ఆ సంగతి తరవాత చూద్దాం, ముందు నిద్ర ఎన్ని గంటలు, విరేచనం ఎలా అవుతోంది చెప్పండి" అన్నారు. దాదాపు ఇరవై నిమిషాల పాటు ఆయన అడిగిన ప్రశ్నలలో పడకగదికి సంబంధించినవి రెండో మూడో మాత్రమే.

శాస్త్రం ఏమంటుందో ఆయన విప్పి చెప్పిన తీరు కోసమే నేను ఈ సమీక్ష రాస్తున్నాను. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులలో శుక్రం చివరిది కాబట్టి, తిన్నది సరిగా అరగక మొదటి ధాతువే పలచబడితే చివరిదానికి పుష్టి అందదని, అందువల్ల శక్తి తగ్గినవాడు ముందు చూసుకోవలసింది జఠరాగ్నినని చెప్పారు. చరకుడు శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం పేర్కొన్నాడు. గృహస్థుకు ఆ మూడోది మితమేగాని పూర్తి నిషేధం కాదని, శుక్రవేగాన్ని కూడా బలవంతంగా ఆపుకోకూడని శరీరపు సహజ వేగాలలో అదే చరకుడు లెక్కించాడని వివరించారు. గోడ మీది ప్రకటనలు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ రాయవు.

వాగ్భటుడి వైద్యగ్రంథం అష్టాంగహృదయంలో సంగమానికి చెప్పిన ఋతునియమం కూడా వినిపించారు. హేమంత శిశిరాలలో బలం కొద్దీ ఇష్టానుసారం, వసంత శరత్తులలో మూడు రోజులకొకసారి, వర్షాకాలంలోనూ వేసవిలోనూ పక్షానికొకసారి. శాస్త్రం ధారాళంగా అనుమతించిన ఆ నాలుగు నెలలే మా మిల్లుకు ధాన్యం దిగే కాలమని, అప్పుడు నేను ఇంటికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటుతుందని చెబితే ఆయన కూడా నవ్వారు. సంగమం తరువాత అలసట తీరడానికి స్నానం, గంధపు పూత, చల్లగాలి, కలకండతో చేసిన తినుబండారాలు, చల్లని నీళ్ళు, పాలు, మాంసరసం, ఆపైన నిద్ర అని అదే గ్రంథంలో ఉన్న శ్లోకం చదివారు. ఆ వరుసలో సుర కూడా ఉంది గాని, కవిరాజు గారు ఆ మాట దగ్గర గొంతు కాస్త తగ్గించి ముందుకు పోయారు.

ఇక అసలు విషయం. విరేచనం గురించి అడిగినప్పుడు, నెలల తరబడి ఇంట్లో కూడా చెప్పకుండా దాచిన సంగతి ఒకటి బయటపెట్టవలసి వచ్చింది: ఆసనం నుంచి రక్తం పడుతోంది. ఆయన వెంటనే కింది కనురెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, ఇది పాండువు, అంటే రక్తహీనత, అయి ఉండాలన్నారు. చూర్ణం ఏదీ ఇవ్వకుండానే రక్తపరీక్షకూ, ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జను దగ్గరికీ పంపించారు. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ కనుక ఆ పరీక్ష కూడా చేయించమన్నారు. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది, మగవారికి 13 అయినా ఉండాలి. సికిల్ సెల్ లేదు, ఉన్నవి మొలలు. పోతున్నది రక్తమైతే నేను ఏడాదిగా వీర్యం లెక్క రాసుకుంటున్నాను, అదీ లెక్కలు రాసే ఉద్యోగంలో ఉండి.

ఆసుపత్రిలో ఐరన్ మాత్రలు ఇచ్చారు. అవి వాడుతున్నంత కాలం లోహం కలిసిన ఆయుర్వేద మందులు అక్కరలేదని కవిరాజు గారే చెప్పారు. మధ్యాహ్నం పలచని మజ్జిగ, రాత్రి త్రిఫల చూర్ణం, టీ రెండు గ్లాసులకు మించకుండా, పదకొండు లోపల పడక. రెండోసారి వెళ్ళాకగాని అశ్వగంధ రాయలేదు. అది కూడా థైరాయిడు, కాలేయం పరీక్షలు చూశాక, పూటకు మూడు గ్రాములు, గోరువెచ్చని పాలతో ఆరు వారాలు మాత్రమే. కొందరికి అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి కాబట్టి ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

మందుల గది మాత్రం ఈ మర్యాదకు తగ్గట్టు లేదు. చీటీ చూసి చూర్ణం పొట్లం కట్టిన కుర్రాడు, చీటీలో లేని గుళికల సీసా ఒకటి సంచిలో పెట్టి, "మగవాళ్ళందరూ తీసుకెళ్ళేదే సార్" అని 1,450 రూపాయలు బిల్లు వేశాడు. సీసా తిప్పి చూస్తే గుర్రం బొమ్మ ఉంది గాని, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఏయే ద్రవ్యాలు కలిపారో తెలిపే పట్టిక లేవు. ఆయుర్వేద మందుల మీద ఇవి ఉండి తీరాలని చట్టం. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి గుళికలలో అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందును చెప్పకుండా కలిపినవి పట్టుబడ్డాయి; గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వేసుకునేవారికి ఆ కలయిక ప్రాణాంతకం. సీసా తిరిగిచ్చి విషయం కవిరాజు గారికి చెప్పాను. "నేను చెబుతాను బాబూ" అన్నారు.

ఇంకొక లోపం, గదికి తలుపు లేదు, పచ్చ తెర ఒక్కటే ఉంది. నా ముందువారు చెప్పుకున్నది నేను విన్నాను, నాది నా వెనుకవారు విని ఉంటారు. ఆడవారి సమస్యలు చూడడానికి వైద్యురాలు లేరు. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

శ్రావణంలో మూడోసారి వెళ్ళేటప్పటికి హిమోగ్లోబిన్ 12.8కి వచ్చింది, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను, మిగతా విషయంలోనూ ఇంట్లో ఫిర్యాదు లేదు. వెళ్ళాలనుకునేవారు జనం తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట వెళ్ళి, మందుల పేర్లూ మోతాదూ చీటీ మీద రాయించుకుని, చీటీలో ఉన్నదానికే డబ్బు కట్టండి. గుర్రం బొమ్మ సీసాలు అల్మారాలో పై అర నుంచి కింది అరకు మారాయి, అంతే.