రోమ్‌లో ఐదు రోజులు: బస, నడక, భోజనం

అక్టోబరు మొదటి వారంలో నేను, నా భర్త, డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్న మా అత్తగారు హైదరాబాదు నుంచి రోమ్ వెళ్లాము. మా ముగ్గురికీ ఐరోపా ప్రయాణం అదే మొదటిసారి. ఏయే కట్టడాలు చూడాలో నిర్ణయించుకోవడానికి వారాల తరబడి చదివాను కానీ, ఎక్కడ దిగాలన్నది మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేశాను. అది తలకిందులుగా చేసిన పని అని అక్కడికి వెళ్లాక తెలిసింది.

మొదటి రెండు రాత్రులు టైబర్ నదికి ఆవలి ఒడ్డున ఉన్న ట్రస్టేవెరె పేటలో ఒక అద్దె ఇంట్లో ఉన్నాము. తీగలు అల్లుకున్న పాత గోడలు, సన్నని సందులు, కూడలికొక చర్చి ఉన్న ఆ పేట నిజంగా అందమైనది. కానీ అక్కడికి మెట్రో లేదు. బస్సు, ట్రామ్‌లే ఆధారం. సందులన్నీ సాంపియెత్రిని అనే చిన్న నల్లరాళ్లతో పరిచి ఉంటాయి కాబట్టి చక్రాల పెట్టెను లాగడం కంటే మోయడమే తేలికనిపించింది. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. ఆ సంగతి వివరాల్లో రాసే ఉన్నా, రోజంతా నడిచి వచ్చిన పెద్దావిడకు ఆ మెట్లు ఎంత భారమవుతాయో నేను ముందుగా ఊహించలేదు. దానికి తోడు కింద ఉన్న భోజనశాలల సందడి అర్ధరాత్రి దాటినా తగ్గేది కాదు.

తరువాతి మూడు రాత్రులు తెర్మిని రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, లిఫ్ట్ ఉన్న భవనంలో, వంటగది కూడా ఉన్న చోట గడిపాము. స్టేషన్ పరిసరాలు చూడముచ్చటగా ఉండవు; రాత్రివేళ సంచీ జాగ్రత్తగా పట్టుకోవాలి. అయినా ఎ, బి మెట్రో మార్గాలు రెండూ కలిసేది అక్కడే. తవ్విన ప్రతిచోటా ప్రాచీన కట్టడాలు బయటపడే నగరం కావడంతో రోమ్‌లో మెట్రో మార్గాలు మూడే ఉన్నాయి. అందువల్ల ఆ కూడలికి దగ్గరగా ఉండడం విలువైన సౌకర్యం. పోప్ ఫ్రాన్సిస్ సమాధి ఉన్న సాంతా మరియా మజ్జోరె చర్చికి అత్తగారు ప్రతి ఉదయం తానే నడిచి వెళ్లి వచ్చేవారు. పెద్దవారితో వెళ్లేవారికి నేను సందేహం లేకుండా ఈ ప్రాంతాన్నే సూచిస్తాను; ట్రస్టేవెరెను ఒక సాయంత్రం చూసి వస్తే చాలు. ఎక్కడ దిగినా, మనిషికి రాత్రికి ఇంత అని నగర పన్ను ఉంటుంది. మేము గదుల కోసం ముందే కట్టిన సొమ్ములో అది కలవలేదు, రెండు చోట్లా విడిగా కట్టవలసి వచ్చింది.

మేము వెళ్లినప్పుడు బస్సు, మెట్రో టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది, ఆ వ్యవధిలో మెట్రో మాత్రం ఒకసారే ఎక్కాలి. బ్యాంకు కార్డును నేరుగా యంత్రానికి చూపించి కూడా ఎక్కవచ్చు కానీ, ఒక కార్డు ఒకరికే. ముగ్గురం వెళ్తే మూడు కార్డులు కావాలన్న చిన్న విషయం తెలియక మొదటి రోజు గేటు దగ్గర చాలాసేపు ఆగిపోయాము.

భోజనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అత్తగారు శుద్ధ శాకాహారి. మాంసం లేదు కదా అని మిరియాలు, జున్ను కలిపిన కాచో ఎ పెపె పాస్తా తెప్పించబోయాము. అందులో వాడే పెకొరీనో జున్నును గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన పదార్థంతో తోడుపెడతారని అప్పుడే తెలిసింది. పర్మేసాన్ అనే మరో జున్నుకు వాడేదీ దూడ కడుపు నుంచి తీసినదే. అలాంటివి తినకూడదన్న నియమం పాటించేవారు జున్ను లేని మారినారా పిజ్జా అడగవచ్చు. టమాటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానోలతో రుచిగా ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటితే చాలా భోజనశాలలు మూసి మళ్లీ ఏడు తరువాతే తెరుస్తారు కాబట్టి, ఆకలి వేళలను ముందే సర్దుకోవాలి. మమ్మల్ని నిజంగా ఆదుకున్నది తెర్మిని దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్. అక్కడ బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి, కరివేపాకు అన్నీ దొరికాయి. అత్తగారు పప్పుచారు పెట్టిన రాత్రి ముగ్గురం తృప్తిగా తిన్నాము. ఆ మార్కెట్‌కు ఉదయం పూటే వెళ్లాలి, ఆదివారం సెలవు.

నీళ్ల సీసాలు కొననక్కరలేదు. ముక్కులాంటి గొట్టం ఉండడం వల్ల నజోనె అని పిలిచే పోత ఇనుప కుళాయిలు నగరంలో రెండు వేలకు పైగా ఉన్నాయి, చల్లని మంచినీరు నిరంతరం పారుతూ ఉంటుంది. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం నుంచి నీరు పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగవచ్చు. ఈ కిటుకును ఒక స్థానిక ముసలాయన అత్తగారికి సైగలతోనే నేర్పారు.

కొలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. అధికారిక వెబ్‌సైటులో నెల రోజుల ముందే కొంటే దళారుల అవసరం ఉండదు. వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసి ఉంటుంది. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ప్రవేశం ఉచితమే కానీ, ఆ రోజు వరుస చాలా పొడవుగా ఉంటుందని విని మేము గురువారం వెళ్లాము. సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, చేతుల్లేని కుర్తా వేసుకుంటే దుపట్టా తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయానికి ఆగకుండా వెళ్లే లియొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాము. 14 యూరోలు, 32 నిమిషాలు. అది బయలుదేరే ప్లాట్‌ఫాంలు తెర్మినిలో ఓ చివరన, 23, 24గా ఉన్నాయి. ముఖద్వారం నుంచి సామానుతో నడవడానికి మాకు పది నిమిషాలు పట్టింది.