మాల్దీవ్స్‌కి టీచర్లని పంపే అమీర్‌పేట కన్సల్టెన్సీ – నా రివ్యూ (3.5/5)

మూడేళ్ళు మాల్దీవ్స్‌లో మ్యాథ్స్ చెప్పి పోయిన నెలే హైదరాబాద్ వచ్చేశాను, నన్ను పంపింది అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ. పేరు రాయట్లేదు, మీరు ఎక్కడికి వెళ్ళినా అడగాల్సినవి ఇవే కాబట్టి.

ముందు డబ్బుల సంగతి. విదేశాల్లో ఉద్యోగాలకి పంపే ఏజెంట్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో చూస్కోవచ్చు, మన దగ్గర సర్వీస్ ఛార్జ్ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీస్కోకూడదు. నన్ను ఫైల్ ఛార్జీలని ఇంకో 12,000 అడిగారు, రసీదు అడిగితే తర్వాత ఇస్తామన్నారు, పక్కనే ఉన్న నాన్న "ఇచ్చెయ్యమ్మా, టైమ్ పోతుంది" అంటే ఇచ్చేశాం. ఆ బాధ ఇంకా ఉంది. స్టార్లు తగ్గించింది అందుకే. సర్టిఫికెట్ల అటెస్టేషన్, వీసా పని మాత్రం ఎక్కడా ఆగలేదు.

వీళ్ళు చేసిన అన్నిటికంటే మంచి పని ఏంటంటే, వెళ్ళే ముందు ఒక ఆదివారం అక్కడ పనిచేసి వచ్చిన సార్‌తో కూర్చోబెట్టారు. ఆయన "పిల్లలు మాట్లాడట్లేదంటే రాదని కాదమ్మా, కాసేపు ఆగు" అన్నారు. అప్పుడు నాకు ఎక్కలేదు.

వెళ్ళకముందు కూకట్‌పల్లిలో నా సెక్షన్‌లో 48 మంది, వీక్లీ టెస్టులు, ప్రశ్న అడిగి నేనే జవాబు రాసేసి సిలబస్ లాక్కెళ్ళేదాన్ని. అక్కడ దీవిలో 19 మందే, అయినా అదే అలవాటు. ఒకరోజు లీడింగ్ టీచర్, అంటే మా పాఠాలు చూసే సీనియర్, వెనక బెంచీలో కూర్చుని చూసి, నేను అడగ్గానే నా చెయ్యి బోర్డు మీదకి వెళ్ళిపోతోందని చెప్పారు. మర్నాడు మైనస్ మూడులోంచి ఐదు తీసేస్తే ఎంత అని అడిగి మార్కర్ కింద పెట్టేసి మనసులో లెక్కపెట్టుకున్నా. నాలుగు దగ్గర కిటికీ పక్క అమ్మాయి స్నేహితురాలితో వాళ్ళ భాషలో ఏదో అనుకుని, వచ్చి నంబర్ లైన్ గీసి ఎడమకి ఐదు గంతులు వేసి మైనస్ ఎనిమిది మీద ఆగింది. పది నెలల్లో ఆ పిల్ల గొంతు నేను విన్నది అదే మొదటిసారి. టీచర్లు అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మారిపోతాయని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లోనే రాశారట, బీఎడ్‌లో చదివానేమో, గుర్తు లేదు.

ఇంకొకటి. పిల్లలే నాకు వాళ్ళ తానా లిపి నేర్పారు, కుడి నుంచి ఎడమకి రాస్తారు. మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల నుంచి, తర్వాతి తొమ్మిది స్థానిక పాత అంకెల నుంచి పుట్టాయట, అచ్చులేమో మన గుణింతం గుర్తుల్లా పైనా కిందా పెడతారు. లెక్కల టీచర్‌ని కదా, ఆ రోజు నిద్ర పట్టలేదు. 34 ఏళ్ళ వయసులో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే, తెలుగు మీడియం నుంచి నా క్లాసుకి వచ్చి తల వంచుకుని కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళని వీక్ అని రాసింది నేనే.

తిరిగొచ్చాక మాత్రం కన్సల్టెన్సీ నుంచి సాయం ఏమీ లేదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫార్మాట్ కోసం నాలుగు సార్లు ఫోన్ చేశాను. ఇప్పుడు మియాపూర్‌లో చేరాను, 40 మంది క్లాసులో కూడా ఆగుతున్నా, సిలబస్ వెనకబడుతోంది, అయినా ఆగుతున్నా.

నిన్న వాళ్ళే ఫోన్ చేసి వచ్చే ఆదివారం కొత్తవాళ్ళతో మాట్లాడమన్నారు. 12,000కి రసీదు అడిగాను, చూస్తామన్నారు. ఇవ్వకపోయినా వెళ్తాను, ఆ సార్ నాకు చెప్పిన మాట వాళ్ళకీ ఎవరో ఒకరు చెప్పాలి కదా.