కాపర్ పైపు కారుతోంటే ఏది మేలు? ముద్ద పెట్టడమా, ఫిట్టింగా, టంకమా, లైనే మార్చేయడమా?

లీకు అనగానే అందరూ ముందు అడిగేది దేనితో మూస్తే ఆగుతుంది అని. నన్నడిగితే ముందు చూడాల్సింది ఎక్కడ కారుతోంది అని. జాయింటు దగ్గర కారుతుంటే చాలాసార్లు అప్పట్లో టంకం సరిగ్గా పట్టలేదు అనో నట్టు వదులైంది అనో అర్థం, పైపు మాత్రం బాగానే ఉండొచ్చు. అదే పైపు మధ్యలో సూదిమొనంత చిల్లు పడి దాని చుట్టూ పచ్చటి చిలుము కట్టిందంటే, రాగిని నీళ్లు లోపలివైపు నుంచి తినుకుంటూ వచ్చి ఇవాళ బయటపడ్డాయన్నమాట, అలాంటి చోట ఈ ఒక్క చిల్లు మూసినంత మాత్రాన కథ అయిపోదు. ఇంకోటి, చల్లనీళ్ల పైపుకి ఒక్కోసారి చెమట పడుతుంది, దాన్ని లీకనుకుని కంగారు పడేవాళ్లున్నారు. తుడిచేసి పొడి టిష్యూ చుట్టి చూడండి, ఒక్కచోటే తడిస్తే లీకు, పొడుగునా తడిస్తే చెమట.

ఏం చేసినా ముందు మెయిన్ వాల్వు కట్టెయ్యాలి. గీజర్ ఉంటే దాని కరెంటు కూడా. అందులో నీళ్లు ఖాళీ అయ్యాక ఎలిమెంటు వేడెక్కితే కాలిపోతుంది, పైపు రిపేరుకి పోయి గీజర్ రిపేరు తగులుకుంటుంది.

ఇక మొదటిది, ముద్దలు టేపులు క్లాంపులు. ఎపాక్సీ ముద్ద, అదే ఎంసీల్ లాంటిది, రెండు భాగాలు పిసికి కలిపి అద్దేది, నీళ్లు కట్టేసి పైపుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది పూర్తిగా ఆరబెట్టి పెడితేనే పట్టుకుంటుంది. ధారగా కారుతున్న దానిమీద అద్దేసి ఆగలేదని తిడితే అది ముద్ద తప్పు కాదు. సాగదీసి చుట్టితే తనకి తనే అతుక్కుపోయే సిలికాన్ టేపు ఉంటుంది, అదీ ఆ పూట గడవడానికే. ఈ మూడిట్లో నా ఓటు క్లాంపుకి, లోపల రబ్బరు షీటు ఉండి బోల్టులతో బిగించేది, సన్న చిల్లుని బాగానే నొక్కిపెడుతుంది. కానీ అది తిన్నని పైపు మీదే, మలుపు దగ్గరి ఎల్బో మీదా మూడు పైపులు కలిసే టీ మీదా కూర్చోదు. ఈ మూడూ ప్లంబర్ వచ్చేదాకా గడువు కొనుక్కోవడానికి, అంతకంటే ఆశించకండి.

అసలు పోటీ తర్వాతి రెండిటి మధ్య. పాడైన ముక్క కోసేసి నిప్పు లేకుండా ఫిట్టింగు పెట్టడం ఒకటి, టంకం వెయ్యడం ఇంకోటి.

నిప్పు లేనివాటిలో పుష్ ఫిట్ అంటే లోపల స్టీలు పళ్లు పైపుని పట్టుకుంటాయి, ఓ-రింగు అనే రబ్బరు రింగు నీళ్లని ఆపుతుంది, నెడితే చాలు. పైపులో కాస్త నీళ్లున్నా పర్లేదు, ఇది మామూలు లాభం కాదు, ఎందుకో టంకం దగ్గర చెప్తాను. జాగ్రత్త ఒక్కటే, కోసిన అంచు గరుగ్గా ఉంటే ఓ-రింగు చీరుకుపోతుంది, అందుకని అంచు నున్నగా గీకి, లోపలికి ఎంత పోవాలో మార్కరుతో గీత పెట్టుకుని ఆ గీతదాకా నెట్టండి. కంప్రెషన్ ఫిట్టింగులో నట్టూ, ఇత్తడి రింగూ ఉంటాయి, బిగిస్తే రింగు పైపుని కరుచుకుంటుంది. చేత్తో బిగించాక స్పానరుతో ఇంకో చుట్టు, మహా అయితే చుట్టుంపావు. కారుతోందని బలమంతా పెట్టి తిప్పితే రింగు నలిగి ఇంకా ఎక్కువ కారుతుంది. సింకు కింద, వాల్వు దగ్గర, అంటే చెయ్యి పెట్టగలిగే చోటైతే కంప్రెషన్ చాలు, ఎప్పుడైనా విప్పుకోవచ్చు కూడా. గోడలో పూడ్చే చోట మాత్రం నేను పెట్టను, మళ్లీ బిగించాలంటే గోడ పగలగొట్టాల్సిందే కదా.

టంకం సరిగ్గా పడితే దానికి సాటి లేదు, పళ్లు లేవు రబ్బరు లేదు, అరిగిపోయేదేమీ లేదు. గోడ వెనక పనికి నా ఓటు దీనికే. కానీ చేతకాకుండా మొదలుపెట్టే పని కాదిది. తాగేనీళ్ల పైపుకి సీసం లేని సోల్డరే, అంటే టంకం వేసే తీగే, వాడాలి, అది సుమారు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి కరగాలంటే 1085 కావాలి కాబట్టి పైపుకి భయం లేదు. చిక్కల్లా నీళ్లతోనే. వాల్వు సరిగ్గా మూసుకోక లోపల సన్నగా నీళ్లు జారుతూనే ఉన్నాయనుకోండి, ఎంతసేపు మంట పెట్టినా జాయింటు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆవిరి కొడుతుంది, సోల్డర్ ముద్దలుగా జారిపోతుంది. పొడిగా ఉంటే రుద్ది, ఫ్లక్సు, అంటే టంకం పట్టడానికి రాసే పేస్టు, రాసి, మంట ఫిట్టింగుకి పెట్టి సోల్డర్ తీగని అంచుకి ఆనిస్తే ఆ సన్న సందులోకి దానంతటదే పీల్చుకుంటుంది, మంటని తీగ మీద పెట్టేవాళ్లు ఇక్కడే పాడుచేసుకుంటారు. అయ్యాక మిగిలిన ఫ్లక్సు తుడవాలి, లేకపోతే అదే రాగిని తినడం మొదలెడుతుంది. వెనక చెక్క గానీ వైర్లు గానీ ఉంటే మంట తగలని అడ్డు పెట్టుకుని, పక్కన నీళ్ల బకెట్ కాదు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోండి.

ఫిట్టింగు కొనేముందు పైపు బయటి కొలత తియ్యండి. అర అంగుళం కాపర్ పైపు అనేది బయట 15.9 మిల్లీమీటర్లు ఉంటుంది, మిల్లీమీటర్ల లెక్కలో వచ్చే పైపు 15 ఉంటుంది, చేతికి ఒకటేలా అనిపిస్తాయి గానీ ఒకదాని ఫిట్టింగు ఇంకోదానికి సరిపోదు. ఇంకోటి, ఇదంతా నీళ్ల పైపుల సంగతి, గ్యాసు పైపు, ఏసీ కాపర్ పైపు జోలికి ఈ పద్ధతులతో పోకండి.

మరి లైన్ మొత్తం ఎప్పుడు మార్చాలి? అదే లైన్లో రెండో సన్న చిల్లు కనబడ్డప్పుడు, నా లెక్క ఇది. నీళ్లు కాస్త పులుపు గుణం ఉన్నవైనా, సన్న పైపులో మరీ వేగంగా పారుతున్నా చిల్లు ఒక్కదానితో ఆగదు. అప్పుడు ప్లాస్టిక్ పైపులైన పెక్స్‌కి గానీ సీపీవీసీకి గానీ వెళ్లొచ్చు. పెక్స్ వంగుతుంది, జాయింట్లు తక్కువ పడతాయి, కానీ ఎండ తగిలే చోట పాడైపోతుంది. సీపీవీసీ జిగురుతో అతుకుతుంది, పని తేలిక, దెబ్బ తగిలితే పగిలే గుణం ఉంది. దాచిపెట్టే లైన్‌కి నేనైతే పెక్స్ అంటాను.

ఒకటి మాత్రం చాలామంది చూడరు. కొన్ని పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగు వైరుని ఈ రాగి పైపుకే కట్టి ఉంటారు, మధ్యలో ప్లాస్టిక్ ముక్క వేస్తే ఆ ఎర్తింగు తెగిపోతుంది, పైకి ఏమీ తెలీదు కూడా. పైపుకి అలాంటి క్లిప్పూ వైరూ కనబడితే ప్లంబర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆయన చూశాకే రంపం పెట్టించండి.